మండలం దాటిన పెట్టె

"వెంకట్రామన్నా, ఫ్రీజర్ లేదే! మీద కప్పే తెల్లగుడ్డ మడతవెట్టి ఉన్నది, కింద డబ్బా లేదు, గది మొత్తం ఖాళీ!"

"ఏ ఫ్రీజరు సుమలతా? దుకాణం షట్టర్ ఇంక సగమే లేపిన. జర నిమ్మళంగ చెప్పు."

"మన సంఘానికి ఎన్ని ఫ్రీజర్లున్నయే? సచ్చిపోయినోళ్లను పెట్టే ఐసు డబ్బా. ఊరోళ్లకు ఉత్తగ ఇస్తం కద, గది."

"నేనిచ్చిన డబ్బానా?"

"నువ్విచ్చిందే."

"నా ఫొటో ఉన్నదానా?"

"ఆ, రెండు చేతులు జోడిచ్చి నవ్వుకుంట ఉంటవ్ చూడు, నీ ఎరువుల దుకాణం పేరు పక్కపొంటి. గదే పోయింది."

"ఫొటో సుత పోయిందా?"

"డబ్బా పోతే ఫొటో ఒక్కటి ఎట్ల మిగుల్తదన్నా!"

"అయ్యో! ఎవ్వనింట్ల ఉన్నదో, దాంట్ల ఎవ్వడు పన్నడో... తాళం పలగ్గొట్టిన్రా?"

"లేదు. తాళం మంచిగ వేసే ఉన్నది. నా తాళంచెవితోటి నేనే తీసిన. అంటే తీస్కపోయినోళ్లు మళ్ల తాళం ఏసి పోయిన్రు."

"చెవులు ఎన్ని?"

"మూడు. ఒకటి నా దగ్గర, ఒకటి సోమనర్సయ్య సారు దగ్గర, ఒకటి డబ్బా కడిగి తుడిచే జీవన్ దగ్గర."

"డబ్బా ఇచ్చింది నేను, నాకు మాత్రం చెవి లేదు. సరే, ఇగ దొంగ దొరికిండు పో."

"ఎవరు?"

"నువ్వు తియ్యలే. సారు తియ్యడు. హెడ్మాస్టర్‌గ ఉన్నన్నొద్దులు బడి చాక్‌పీస్ ముక్క ఇంటికి తీస్కపోని మనిషి. మిగిలిందెవడు?"

"జీవన్ మీద నింద ఎయ్యకే. పిలగాడు గీ మండలంల ఎవలింట్ల సావైనా ఆ డబ్బా మోసిండు. మనం మోసినమా?"

"మనం ట్రస్టీలం. మోసుడు మన పని కాదు."

"మన పేరు యువ చేయూత సంఘం. యువ అంటే మనమా?"

"సంఘం పెట్టినప్పుడు యువనే ఉంటిమి. ముచ్చట మార్చకు. మొన్న వాని నానమ్మ మోతీబాయి పోయినప్పుడు డబ్బా అడిగిండు. మనం ఇయ్యలే. గది మనసుల పెట్టుకున్నడు."

"ఎందుకియ్యలే?"

"నీకు తెల్వదా? వాళ్ల తండా వాగు అవతల. అది పక్క మండలం. డబ్బా మండలం దాటొద్దని రూలు."

"వాగుల చుక్క నీళ్లు లేవు, ఇటు ఒడ్డు మీద నిలవడి ఉమ్మేస్తే అటు పడతది. అసుంటి వాగు. రోహిణి కార్తె ఎండలు. పాపం, జీవనూ వాళ్ల నాయిన అమర్‌సింగూ మానుకోటకెళ్లి ఐసు గడ్డలు తెచ్చుకున్నరు. తండాకు చేరేసరికి ఆటోల సగం నీళ్లే."

"ఇయ్యొద్దని చేయి నువ్వు గూడ ఎత్తినవ్ సుమలతా."

"ఎత్తిన. గదే సిగ్గయితది."

"రూలు నాకు మాత్రం లేదా? భూపాలపల్లి దిక్కు ఘనపూర్ల మా మేనత్త పోతే నా డబ్బా నాకే ఇయ్యలే సారు. రూలంటే రూలే అన్నడు. నేను నోరు మూస్కున్న. వీడు దొంగతనం చేసిండు. ఎస్సైకి ఫోన్ చేస్తున్న."

"అన్నా! నీకు దండం పెడుత. పిలగానికి కానిస్టేబుల్ నౌకరి వచ్చింది. ఇంక పోలీసు ఎంక్వైరీ కాలే. గిప్పుడు పేరు మీద ఒక్క కేసు పడ్డదనుకో, నౌకరి ఖతం. అమర్‌సింగ్ అప్పుడే తండంత మిఠాయి పంచిండు."

"పోలీసు కావాల్సినోడు గిట్ల చేస్తడా మరి?"

"సారు రానీ. సారు లేకుంట ఏం చెయ్యకు. నేను ఫోన్ చేస్త."

గూడూరు సంఘం కార్యదర్శి సుమలత ఆ ఫోన్ పెట్టేసి అధ్యక్షుడు సోమనర్సయ్యకు చేసింది. మూడోసారికి ఆయన ఎత్తారు.

"సార్, కొంపలంటుకున్నయ్. మన ఫ్రీజర్ కనవడ్తలేదు."

"...ఎప్పుడు చూశారు?"

"గిప్పుడే. గది ఊడుద్దామని వచ్చిన. వెంకట్రామన్న ఎస్సైకి చెప్త అంటున్నడు."

"ఆగమనండి. ఫిర్యాదు చేయాలంటే తీర్మానం కావాలి. తీర్మానం కావాలంటే కోరం కావాలి. మన కోరం ముగ్గురు. నేను వచ్చేవరకు ఎవ్వరూ ఏమీ చేయకూడదు."

"జల్ది రాండ్రి. సార్, ఆడ ఏందో పాటలు వినవస్తున్నయ్. ప్రార్థన పాటల్లెక్క..."

"ఆదివారం కదమ్మా. పక్కింటి టీవీ."

"మీ పక్కింట్ల మల్లారెడ్డోళ్లు కద సార్?"

"వస్తున్నాను."

ఆయన వచ్చేసరికి ఎండ నడినెత్తి మీదికెక్కింది. సంఘం కార్యాలయంలో వెంకట్రాం కుర్చీ అంచున కూర్చుని ఫోన్ అరచేతిలో తిప్పుతున్నాడు. సుమలత మూడు కప్పుల్లో టీ పోసింది.

"సార్, పొద్దున ఫోన్ చేస్తే గిప్పుడొస్తిరి! మీ ఇల్లు గా మూల మీదనే కద?"

"పని ఉండి ఆలస్యమైంది సుమలతమ్మా. కూర్చోండి. సమావేశం ప్రారంభిద్దాం. ముందుగా హాజరు."

"హాజరేంది సార్? ఉన్నదే ముగ్గురం. కండ్ల ముంగటనే ఉన్నం."

"కండ్ల ముందు ఉండటం వేరు, హాజరు వేరు వెంకట్రాం."

"సరే, నేను హాజరు. సుమలత హాజరు. నా డబ్బా గైరుహాజరు."

"మీ డబ్బా కాదు. దానం చేసినాక అది సంఘానిది."

"ఫొటో?"

"ఫొటో మీదే."

"నా ఫొటో పోయింది సార్, అది రాయండ్రి."

"రాయటానికి ముందు అజెండా ఉండాలి. మొదటి అంశం, గత సమావేశం నిర్ణయాల సమీక్ష."

"మొదటి అంశం దొంగతనం!"

"అది అజెండాలో లేదు. లేని అంశం చర్చించాలంటే మూడు రోజుల ముందు సభ్యులకు నోటీసు ఇవ్వాలి. కనుక బుధవారానికి వాయిదా వేద్దాం."

"దొంగ మనకు మూడొద్దుల ముందుగాల నోటీసిచ్చి తీస్కపోయిండా సార్?"

"సార్, జర మీరు నిమ్మళంగ కూసోండ్రి. మొఖం గుంజుకపోయింది. చాయ్ తాగుండ్రి, చల్లారుతుంది."

"వద్దు సుమలతమ్మా."

"మీరు చాయ్ వద్దనుడా? మీటింగంటే మీకు మూడు కప్పులు కావాలె."

"కడుపు బాగాలేదు."

"అన్నమన్న తిన్నరా?"

"తర్వాత తింటాను. వాయిదాకు ఎవరు అనుకూలం?"

"నేను కాదు! సుమలతా, నువ్వు చేయి ఎత్తకు. సార్, ఒకటడుగుత. మీరు గిప్పుడు ఏడికెళ్లి వచ్చిన్రు? మీ ఇల్లు ఇటు దిక్కు, మీరేమో బస్టాండు దిక్కుకెళ్లి వచ్చిన్రు. నేను చూసిన."

"వాకింగ్."

"గీ ఎండలనా?"

"సమావేశంలో సభ్యుల వ్యక్తిగత విషయాలు చర్చించరాదు."

"మీ ఫోన్ మోగుతుంది సార్."

"మోగనీయండి."

"ఇందాకటి సంది మోగుతనే ఉంది, మీరు కట్ చేస్తనే ఉన్నరు. ఎవరన్న పరేషాన్ల ఉన్నరేమో."

"సుమలతమ్మా, మినిట్స్ రాయండి. 'ఫ్రీజర్ పెట్టె తాత్కాలికంగా కార్యాలయంలో లేదని సంఘం గమనించినది.'"

"తాత్కాలికంగనా? అది మళ్ల వస్తదని మీకెట్ల తెలుసు సార్?"

"...ఆశాభావం."

"ఆశాభావం నీ దగ్గర పెట్టుకో సారూ! నాకు దొంగ తెలుసు. జీవన్ గాడు. చెవి వాని దగ్గర ఉన్నది, ట్రాలీ ఆటో వాని దగ్గర ఉన్నది, కోపం సుత వాని దగ్గరనే ఉన్నది. ఫోన్ చేస్తే స్విచ్చాఫ్. ఇంటికి మనిషిని పంపితే నిన్నటి సంది లేడంటున్నరు. ఇంకేం కావాలె?"

"ఆధారం లేకుండా ఒక యువకుడి పేరు చెప్పకూడదు."

"వారెవ్వా! మొన్న వాని నానమ్మ పీనుగ ఇంట్ల పెట్టుకొని వాడు గా కిటికీ బయట నిలవడితే, లోపటికి కూడ రానియ్యలే మీరు. ట్రస్టీ కాదన్నరు. గిప్పుడు యువకుడైండా?"

"నాకు యాదికున్నది అన్నా. కిటికీల కెళ్లి ఒక్కటే అడిగిండు. 'సార్, వాగు ఎండిపోయింది, మండలం గీత ఏడున్నదో జర చూపిస్తరా' అన్నడు."

"సారు ఏమన్నరో సుత చెప్పు సుమలతా."

"గీత వాగుల ఉండదు, మ్యాపుల ఉంటది అన్నరు."

"చాలు సుమలతమ్మా."

"నేనేం తప్పు చెప్పలే కద సార్? అన్నది అన్నట్టే చెప్పిన."

"చాలు అన్నాను."

"తెల్లారి నానమ్మను సాగదోలి, ఆ పొద్దే గుండుతోటి వచ్చి డబ్బా తుడిచిండు సార్ వాడు. మనతోటి ఒక్క మాట అనలే. కోపమున్నోడు గట్ల తుడుస్తడా?"

"గట్ల తుడిచినోడే గిట్ల తీస్కపోతడు. ఆగు, మా బామ్మర్ది ఫోన్. లక్ష్మణ్ గాడు. చిల్పూరు గుట్టకు పోయిన్రు పొద్దుగాల, బుగులు ఎంకన్న దర్శనానికి. స్పీకర్ పెడుత, చేతిల చాయ్ కప్పున్నది. హలో, ఏంరా?"

"బావా! నువ్వు బతికే ఉన్నవా?"

"ఏం మాటరా అది! పొద్దున నాకు చెప్పే కద పోయినవ్?"

"ఉన్నడమ్మా, బావ బతికే ఉన్నడు, నువ్వు లెవ్వు, మొఖం కడుక్కో... బావా, మా అమ్మ ఈడ నెత్తి కొట్టుకుంట కూలవడ్డదే."

"ఎందుకు?"

"గుట్ట దిగి ఊర్లకెళ్లి వస్తున్నం. ఓ ఇంటి ముంగట టెంటు ఏసి ఉన్నది. టెంటు కింద ఫ్రీజర్ డబ్బా. డబ్బా మీద నువ్వు. దండం పెట్టుకుంట నవ్వుతున్నవ్. మా అమ్మ ఇంకేం ఆగుతది? బిడ్డ బతుకు ఆగమాయెనని షురూ చేసింది. ఆడోళ్లు నలుగురు వచ్చి పట్టుకున్నరు. వాళ్లకు సుత అర్థమైతలేదు ఎవలమో."

"నా డబ్బా! సార్, దొరికింది! చిల్పూర్ల! జనగామ జిల్లాల! మండలం దాటుడు కాదు, జిల్లానే దాటింది! లక్ష్మణ్, లోపట ఎవరున్నరు?"

"ముసలామె బావా. సత్తమ్మనట. యోసేపు అని, ఆయన భార్య. చర్చి మనుషులు, పాటలు పాడుతున్నరు."

"సత్తమ్మనా? మన గూడూరుకూ ఆమెకూ ఏం సంబంధం? సార్, మీకేమన్న ఎరుకనా? సార్?"

"...కొనసాగించండి."

"లక్ష్మణ్, ఆడ ట్రాలీ ఆటో ఉన్నదా?"

"ఉన్నది. ఎనక అమర్‌సింగ్ నాయక్, గూడూరు స్టాండ్ అని రాసి ఉన్నది. నడిపే పిలగాడు ఈడనే ఉన్నడు బావా. కుర్చీలు ఏస్తున్నడు, నీళ్లు పంచుతున్నడు. మా అమ్మకు సుత వాడే ఇచ్చిండు."

"దొరికిండు! సుమలతా, ఇన్నవా? పిలగాడు మంచోడు, మంచోడు అన్నవ్. జిల్లా దాటిచ్చి కిరాయికి ఇచ్చిండు. నా ఫొటో పెట్టి యాపారం చేస్తుండు!"

"కిరాయికిచ్చినోడు కుర్చీలెందుకు ఏస్తడన్నా? నీళ్లెందుకు పంచుతడు? లక్ష్మణ్ తమ్మీ, నేను సుమలతను. జర ఆ పిలగానికి ఫోనియ్యి."

"ఇస్తున్న అక్కా. ఓ తమ్మీ, ఇటు రా. గూడూరు కెళ్లి మాట్లాడుతరట."

"...హలో."

"జీవన్, నేను సుమలతక్కను. ఈడ వెంకట్రామన్న ఉన్నడు, సారు ఉన్నడు. డబ్బా ఎవరు తీస్కపొమ్మన్నరు బిడ్డా?"

"నేనే తెచ్చిన అక్కా."

"ఎవరడిగిన్రు? వాళ్లు నీకేమైతరు?"

"ఏం గారు. నేనే తెచ్చిన."

"ఇన్నరా! వాని నోటితోటి వాడే ఒప్పుకున్నడు. సార్, ఇంకేం తీర్మానం? ఎస్సైకి చేస్తున్న."

"ఆగన్నా! జీవన్, అన్న పోలీసులకు చెప్తడట. నీ నౌకరి పోతది. తెలుస్తుందా నీకు? నిజం చెప్పు."

"తెలుసక్కా."

"తెలిసి గట్లనే అంటవా?"

"నేనే తెచ్చిన. అక్కా, సారు ఉన్నరన్నరు కద."

"ఉన్నరు. ఎందుకు?"

"సారు ఫోన్ ఎత్తుతలేరు, గీ ఇంటోళ్లు చేస్తున్నరు. పొద్దు వాలంగనే తీస్కపోతరట, సమాధుల దొడ్డికి. ఒక్క ముక్క చెప్పుండ్రి, చాలు. ఉంట అక్కా, కుర్చీలు సరిపోతలేవు."

"ఏయ్, ఏయ్! పెట్టేసిండు. సారుకెందుకు చెప్పాలె? పీనుగను ఎప్పుడు తీస్కపోతే మన సారుకేంది? సుమలతా, నీకేమన్న సమజైందా? ఏందట్ల సూస్తున్నవ్ సారు దిక్కు?"

"సార్. చాయ్ ఎందుకు తాగుతలేరు?"

"కడుపు బాగాలేదని చెప్పాను."

"నిన్నటి సంది ఏం తినలే కద మీరు. పొద్దున ఫోన్ల పాటలు పక్కింటి టీవీవి గావు కద."

"సుమలతా, నువ్వు ఏమడుగుతున్నవో నాకైతే ఒక్క ముక్క ఎక్కుతలేదు. నేను ఎస్సైకి కలుపుతున్న. రింగైతుంది."

"పెట్టేయండి వెంకట్రాం."

"ఎందుకు సార్? కోరం ఉన్నది, ముగ్గురం ఉన్నం, దొంగ ఒప్పుకున్నడు."

"అజెండాలో లేని అంశం ఒకటి ఉంది. అధ్యక్షుడి అనుమతితో మాట్లాడాలి."

"అధ్యక్షుడు మీరే కద!"

"అందుకే అనుమతి ఇచ్చుకున్నాను. ఫోన్ పెట్టేయండి. పెట్టేయ్ వెంకట్రాం, నీకు దండం పెడత."

"...పెట్టేసిన. చెప్పుండ్రి."

"సుమలతమ్మా, రాయండి. 'పెట్టెను కార్యాలయం నుండి తీసుకుపోయిన వారు, సంఘ అధ్యక్షులు...' రాస్తున్నారా?"

"లేదు సార్. పెన్ను కింద పెట్టిన. మీరు ఉత్తగ చెప్పుండ్రి."

"సార్, మీరా? మీరు తీసిన్రా? మీరెందుకు తీస్తరు?"

"సత్తమ్మ మా అక్క."

"మీకు అక్క లేదు కద సార్! నేనెన్నడు వినలే."

"నేను చెప్తే కద నువ్వు వింటవ్ వెంకట్రాం. యోసేపుని చేసుకున్ననాడే నాకు అక్క లేదన్న. నలబై ఏండ్లు. ఆ గుమ్మం తొక్కలే. ఆమె బిడ్డ పెండ్లికి పిలిచింది, పోలే. మొన్న దవాఖానకు రమ్మని కబురు పెట్టింది, పోలే. నిన్న యోసేపు ఫోన్ చేసి, 'మీ అక్క పోయింది బావా' అన్నడు. బావా అన్నడు. గంతే."

"మరి పోవచ్చు కద సార్ తమ్మునిగ? మమ్ముల అడిగితే మేం రామా మీ ఎంబడి?"

"ఎట్ల పోవాలె సుమలతమ్మా? తమ్ముడు పోవాలంటే పుట్టింటి చీర పట్టుకొని పోవాలె. ఆమె మీద కప్పాలె. నలబై ఏండ్లు ఒక్క పండుగకు జాకెటు ముక్క పెట్టనోన్ని, సచ్చినంక చీర పట్టుకొని పోతే మొఖాన ఉమ్మరా? బట్టల దుకాణం దాక పోయిన. మెట్లు ఎక్కలేకపోయిన. మర్లి వచ్చి ఈ గది తాళం తీసిన."

"చీరకూ డబ్బాకూ ఏం సంబంధం సార్?"

"చీర పట్టుకొని పోతే తమ్మున్ని. డబ్బా పట్టుకొని పోతే సంఘం అధ్యక్షున్ని. అధ్యక్షున్ని ఎవ్వరు ఏమడుగుతరు? వాళ్లు జనగామల కిరాయి డబ్బా మాట్లాడుకున్నరు కూడ. వద్దని చెప్పిచ్చిన. మా సంఘం కెళ్లి ఉత్తగ వస్తదన్న."

"యోసేపు గుర్తువట్టలేదా?"

"పట్టిండు. అయినా నేను సంఘం ఫారం తీసి, ముట్టినట్టు సంతకం పెట్టుమన్న."

"సంతకం తీస్కున్నరా సార్? ఆ మనిషితోటి, ఆ యాళ్ల?"

"తీస్కున్న. పెట్టిండు. పెట్టి, 'సంఘపోళ్లు దూరం నుంచి వచ్చిన్రు, చాయ్ పోయుండ్రి' అన్నడు ఇంట్లోళ్లతోటి. గా చాయ్ నా గొంతుల దిగలే. ఇగ ఏ చాయ్ దిగుతలేదు."

"జీవన్‌కు తెలుసా, ఆమె మీ అక్క అని?"

"చెప్పలే. డబ్బాల పండవెట్టేటప్పుడు తల దిక్కు వాడు పట్టిండు, కాళ్లు నేను పట్టిన. పెట్టినంక మూత ఎయ్యాలె కద. నా చేతులు ఆమె పాదాలు ఇడుస్తలేవు. వాడే మెల్లగ ఒక్కొక్క ఏలు తీసిండు. గప్పుడు తెలిసింది వానికి. పొద్దున నువ్వు ఫోన్ చేసినప్పుడు పక్కనే ఉన్నడు. 'మీరు పోకుంటే అనుమానపడతరు, నేనుంట సార్ ఈడ' అన్నడు. అక్కను టెంటు కింద ఇడిసిపెట్టి, రెండు బస్సులు మారి, కోరం నింపనీకె వచ్చిన్నమ్మా నేను."

"గింత సేపు వాన్ని దొంగ అంటుంటే విన్నరు కద సార్! గా పిలగాని నౌకరి..."

"విన్న వెంకట్రాం. బుధవారానికి వాయిదా పడితే డబ్బా వచ్చి దాని జాగల అది ఉంటదనుకున్న. గప్పుడు దొంగా ఉండడు, రూలూ తప్పది అనుకున్న. ఎస్సైకి చెప్పేదుంటే నా పేరు చెప్పు, నేనే వచ్చి రాసిస్త."

"నేనేం చెప్త సార్... నా మేనత్తకు ఇయ్యకపోతిరి, గది మాత్రం జర..."

"అన్నా, అది తర్వాత! సార్, లెవ్వుండ్రి. అన్న కారు తీస్తడు. పొద్దు వాలకముందుకే చేరుకోవాలె. తొవ్వల దుకాణం కాడ ఆపుదం, చీర నేను తీస్త."

"వస్తనమ్మా. ఒక్కటి చెప్పనీ, కార్ల చెప్పలేను. నిన్న డబ్బా ఆటోల ఎక్కిచ్చినం. తాడు కట్టిండు జీవన్, తెల్లగుడ్డ మడతవెట్టి లోపట పెట్టి వచ్చిండు. ఏడికి సార్ అన్నడు. చిల్పూరు అన్న. నానమ్మకు తీపిచ్చుకున్న గుండు మీద ఇంక ఎంటికలు కూడ సరింగ రాలే వానికి. నవ్వలే, ఎక్కిరియ్యలే. బడిల పిలగాడు తెల్వక అడిగినట్టే అడిగిండు, 'సార్, చిల్పూరు మన మండలంల ఉన్నదా?' అని. నేను వాని మొఖం దిక్కు సూడకుంట, 'ఉన్నదిరా, నడువు' అన్న."